అచ్చిరాని సిబ్బి

నేను ఒక సిబ్బిని. గుండిగ మూతి మీద అదిమిపట్టి గంజి వారుస్తారే, ఆ ఇత్తడి సిబ్బిని. ఈ కాలం పిల్లలు నన్నెప్పుడూ చూసి ఉండరు గనక చెబుతున్నాను: పెద్ద విస్తరంత వెడల్పు, మధ్యలో కాస్త ఉబ్బు, అంచుకి రెండు చెవులు, ఒళ్లంతా వరసగా చిల్లులు. ఆ చిల్లుల్లోంచి గంజి పోవాలి, మెతుకు పోకూడదు. ఈ పని నేను ముప్పై ఏళ్ల పైన చేశాను. ఒక్క మెతుకు జారనివ్వలేదు.

అలాంటి నన్ను కాకినాడలో సగం ఊరు "అచ్చిరాని సొమ్ము" అంది. ఒక పెద్దావిడ భుజం విరగ్గొట్టానంది. చచ్చిపోయిన మనిషి ఉసురు నాలో ఉందంది. నేనేమో గోడకి చేరేసిన మూటలో పడి, ఈ మాటలన్నీ వింటూ, ఒక్కదానికీ జవాబు చెప్పుకోలేక కుతకుతలాడిపోయాను. ఒళ్లంతా ఇన్ని చిల్లులు పెట్టిన దేవుడు ఒక్క నోరు పెట్టలేకపోయాడు కదా! ఇప్పుడు మీరు దొరికారు. కూర్చోండి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను పుట్టింది తణుకు దగ్గర అజ్జరంలో. బ్రహ్మలింగం అనే కంచరి నన్ను రేకు నుంచి సాగగొట్టాడు. చేయించుకున్నావిడ సూరాయమ్మ. భర్త పోయాక కాకినాడ కోర్టు వీధిలో రెండు గదులు అద్దెకి తీసుకుని ప్లీడరు గుమాస్తాలకీ, కాలేజీ కుర్రాళ్లకీ భోజనాల మెస్సు పెట్టిన మనిషి. నా కోసం ఆవిడ బస్సెక్కి స్వయంగా వచ్చింది. బ్రహ్మలింగం పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఒక్కో చిల్లూ కొడుతుంటే, "ఇది పెద్దదైంది, ఇది వంకరపోయింది" అంటూ పొద్దస్తమానం సతాయించింది.

"అమ్మగారూ, మీకు సిబ్బి కావాలా, ముక్కుపుడక కావాలా?" అన్నాడు బ్రహ్మలింగం విసుగొచ్చి.

"నా మెస్సులో అన్నం తినేవాడు ముత్తైదువ కాదు నాయనా ముక్కుపుడక పెట్టుకోడానికి. ఆకలితో వస్తాడు. మెతుకు కాలవలో పోతే నాకు పాపం. సరిగ్గా కొట్టు" అందావిడ.

ఆవిడ చేతిలోనే నా బతుకంతా గడిచింది. మసిగుడ్డతో నా రెండు చెవులూ గుండిగకి అదిమిపట్టి, ఆ బరువంతా వంచితే, పొగలు కక్కుతూ గంజి నా ఒంట్లోంచి దూకేది. ఆ వేడికి ఏ మనిషైనా కేక పెడతాడు. నేను పెట్టలేదు. తిన్నవాళ్లు మాత్రం "అన్నం ఎంత పలుకుపలుకుగా ఉందమ్మా" అని బియ్యాన్ని పొగిడేవారు. సిబ్బి పేరెత్తిన మహానుభావుడు ఒక్కడూ లేడు. సరే, అది నాకలవాటే. మనుషులు నోటికి తగిలినదాన్నే పొగుడుతారు, వెనకనుంచి ఆపినదాన్ని కాదు.

సూరాయమ్మకి పిల్లలు లేరు. చెల్లెలి కూతురు మాణిక్యాన్ని తెచ్చి పెంచుకుంది. ఆ పిల్ల వంటింటి గుమ్మంలో చదువుకుని, టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "లైను బిజీగా ఉందండీ" అని నవ్వేసేది. పెద్దమ్మ మంచాన పడ్డాక మెస్సు మూసేసి, కడదాకా సేవ చేసి సాగనంపింది. ఈలోగా ఇళ్లల్లోకి కుక్కర్లొచ్చాయి. గంజి వార్చడం మొరటు పనైపోయింది. నేను అటకెక్కాను. మీద బూజు, పక్కన పగిలిన ఫ్లాస్కు. అన్నం వార్చిన దానికి ఇదీ బహుమానం.

మాణిక్యం రిటైరయ్యాక చిన్న పోర్షనులోకి మారాల్సొచ్చింది. సామాన్లు పట్టవు. ఇష్టం లేకపోయినా గుండిగలనీ గరిటెలనీ నన్నూ ఆటోలో వేసుకుని పాతిత్తడి కొనే దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణంవాడు నన్ను కాటాలో పడేసి, "సిబ్బి కదమ్మా, సగం చిల్లులే. ఇందులో ఇత్తడేం ఉంది?" అన్నాడు. ఆ మాట వినండి! చిల్లుల కోసమే కదయ్యా నన్ను చేసింది!

ఆ దుకాణంలో అప్పటికే ఒకమ్మాయి పాత సామాను తిరగేస్తోంది. పేరు నళిని. ముప్పై దాటి ఉంటాయి. ఏదో కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం మానేసి, జగన్నాథపురంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత గిన్నెలతో వేలాడే లైట్లు చేసి అమ్ముతోంది. నన్ను కాటాలోంచి తీసి ఎండకి అడ్డంగా పట్టుకుంది. కిందున్న సిమెంటు నేల మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడింది. మాణిక్యం ఆ చుక్కలకేసి అలా చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్లు వంటింట్లో చూసిన సిబ్బిలో ఆ ముగ్గు ఉందని ఆవిడకి తెలియదు. నిజానికి నాకూ తెలియదు.

"దీన్నేం చేస్తావమ్మా?" అంది మాణిక్యం.

"లైటు చేస్తానండీ. భోజనాల బల్ల మీదకి."

"కరిగించవు కదా?"

"అయ్యో, కరిగించనండి. నడిమి చిల్లొక్కటీ కాస్త పెద్దది చేస్తాను. అంతే."

"అయితే తీసుకో. మా పెద్దమ్మది. పూర్తయ్యాక ఒకసారి పిలువు, చూసిపోతాను."

నన్నెవరూ అడగలేదు. అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు. అయినా కాటా మీద పడుకోవడం కన్నా నయమేననుకుని ఊరుకున్నాను.

నళిని సంగతి చెప్పాలి, ఎందుకంటే తరవాత ఆ పిల్లని నానా మాటలూ అన్నారు. నడిమి చిల్లు పెద్దది చేసి, ఆ అంచుని ఆకురాయితో నున్నగా రాసి, వేలుతో తడిమి చూసి, మళ్లీ రాసింది. ఇత్తడి అంచు వైరుని కొయ్యకుండా అక్కడ రబ్బరు రింగు తొడిగింది. గుడ్డ నేసిన మంచి వైరు తెచ్చింది, లోపల మూడు తీగలు. మూడోది ఎర్తు, దాన్ని నా ఒంటికి బిగించింది. నాది లోహపు ఒళ్లు గనక, ఎక్కడైనా కరెంటు తప్పి నాలోకొస్తే ముట్టుకున్నవాళ్లకి ముప్పు రాకూడదని. ఆ తరవాత వైరు నాలోకి దిగే చోట ఒక చిన్న ఇత్తడి పట్టు బిగించింది. చూడ్డానికి ఉంగరంలా ఉంటుంది. పక్కనున్న మరమేకు తిప్పితే వైరు మీది తొడుగుని గట్టిగా కౌగిలించుకుంటుంది.

ఒకరోజు మాణిక్యం చూడ్డానికొచ్చింది. నేనింకా పూర్తి కాలేదు. షెడ్డులో దూలానికి అదే రకం వైరు కట్టి, దాని కింద నిండా నీళ్లున్న బకెట్టు వేలాడదీసి ఉంది.

"ఇదేంటమ్మా, ఉట్టి కట్టావు?"

"పరీక్షండీ. ఆ బకెట్టు మీ సిబ్బికి మూడింతల బరువుంటుంది. కట్టి చాన్నాళ్లైంది. పట్టు జారిందేమో రోజూ చూస్తున్నాను."

"గొలుసు కట్టకుండా ఒట్టి వైరు మీదే వేలాడదీస్తావా? అది మోస్తుందా?"

"మొయ్యగల వైరే తెచ్చానండి. కానీ బరువంతా పైతొడుగు మొయ్యాలి, ఆ పట్టు మొయ్యాలి. లోపలి రాగి మాత్రం మొయ్యకూడదు. రాగి పని కరెంటు తేవడమే. ఆ రాగికొసల్ని చిన్న మరల కింద బిగిస్తాం చూడండి, బరువు వాటి మీద పడిందా, ఇవాళో రేపో జారుతుంది. అందుకే ఇక్కడొక పట్టు, పైన సీలింగు దగ్గర ఒక పట్టు. ఆ పైపట్టు శ్లాబులో దిగిన హుక్కుకి తగలాలి. ఈ రెంటి మధ్యా వైరు బిగువుగా ఉన్నా, పట్లు దాటాక లోపల మాత్రం వదులుగా ఉండాలి."

మాణిక్యం తలూపింది. "మా ఎక్స్చేంజీలోనూ అంతే. బోర్డులోంచి కార్డు పీకేటప్పుడు ప్లగ్గు పట్టుకుని పీకాలిగానీ తీగ పట్టుకుని లాగితే సూపర్వైజరు కేకలేసేవాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పూటనుంచి నళిని ఆవిడని "పిన్నిగారూ" అని పిలవడం మొదలెట్టింది.

ఇక భీమశంకరం. సినిమా రోడ్డు దాటాక పెద్ద హోటలు కడుతున్నాడు. ఏసీ, గాజు తలుపులు, కానీ పేరు మాత్రం పాతకాలం భోజనశాల. మట్టి పిడతల్లో పప్పు, విస్తట్లో అన్నం, గోడకి తిరగలి బొమ్మ. కుక్కర్లో వండిన అన్నాన్ని "గంజి వార్చిన అన్నం" అని మెనూ కార్డులో వేయించాడు. నా ఎదురుగా! నన్నూ, నాతోపాటు నళిని చేసిన మరో నాలుగు లైట్లనీ కొన్నాడు. అవి నాలాంటివే, పాత బిందెలు, గంగాళాలు. నళిని లైట్లతోపాటు హుక్కులూ, పైపట్లూ, వాటిని కప్పే ఇత్తడి కప్పులూ అన్నీ విడివిడిగా మూటకట్టి ఇచ్చింది.

"హుక్కులు శ్లాబుకే కొట్టించండి భీమశంకరం గారూ. మీది ఫాల్స్ సీలింగు. ఆ జిప్సం బోర్డు అట్టతో సమానం. అది తన బరువు తను మోస్తే చాలు" అంది.

"అలాగేనమ్మా, అలాగే. మా కిరీటి చూసుకుంటాడు" అన్నాడాయన.

కిరీటి అంటే డెకరేటరు. మూటలన్నీ విప్పి చూసి మొహం చిట్లించాడు. సీలింగు అప్పుడే పాలరాయిలా నున్నగా తేల్చారు. హుక్కు కోసం శ్లాబుదాకా పోవాలంటే అయిదు చోట్ల బోర్డు కొయ్యాలి, మళ్లీ పూత పూసి రంగెయ్యాలి. నళిని ఇచ్చిన కప్పులు కాస్త లావుగా ఉన్నాయి, తన సీలింగుకి నప్పవట. పల్చటి తెల్ల కప్పులు తెప్పించాడు. వాటిలో ఆ పట్టు పట్టదు.

"పట్టు తీసెయ్యండి. వైరు డైరెక్టుగా కనెక్టరులో బిగించి, కప్పు బోర్డుకి రెండు మరలేసెయ్యండి. కిందనుంచి చూస్తే నీటుగా ఉండాలి" అన్నాడు.

భీమశంకరం అక్కడే ఉన్నాడు. "ఆ అమ్మాయి శ్లాబు అనీ, హుక్కు అనీ ఏదో చెప్పిందే?"

"ఆవిడ లైట్లు చేస్తారండి. సీలింగుల సంగతి మనకొదిలెయ్యమనండి. ముహూర్తం ముంచుకొస్తోంది."

ఆయన మరి మాట్లాడలేదు. ఆ ఊరుకోవడమే నా కొంప ముంచింది.

అలా నన్ను పైకి లేపారు. కప్పు బోర్డుని కరుచుకుని ముద్దుగా కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో కిందున్నవాళ్లకి తెలియదు. నాకు తెలుసు. నా బరువంతా మూడు రాగి కొసల మీద ఉంది. నేను వేలాడుతున్నది హుక్కుకి కాదు, పిసరంత మరల కింద బిగించిన తీగలకి. ఏసీ గాలి వీచినప్పుడల్లా నేనటూ ఇటూ ఊగడం, పైన ఆ కొసలు వెంట్రుకవాసి జారడం. చెప్పడానికి దారి లేదు. ఊగుతూ కూర్చున్నాను. నా కింద నలుగురు కూర్చునే బల్ల వేశారు, తెల్ల గుడ్డ పరిచారు.

ప్రారంభం నాడు నళిని మాణిక్యాన్ని వెంటబెట్టుకొచ్చింది. మాణిక్యం గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. గుమ్మంలో ఆగి, నన్ను చూసి, చెంపలకి చేతులు ఆనించుకుంది.

"మా పెద్దమ్మ ఉంటే ఏమనేదో తెలుసా? ఇంత వెలుతురు కిందైనా మెతుకులు నేలపాలు చెయ్యకుండా తినండర్రా అనేది."

నళిని పైకి చూసింది. కప్పు తనది కాదని అప్పుడే కనిపెట్టింది. మాణిక్యంతో సహా గబగబా భీమశంకరం దగ్గరికెళ్లింది.

"కప్పు మార్చినట్టున్నారండీ. హుక్కు కొట్టించారు కదా?"

అతిథులకి నమస్కారాలు పెడుతూనే ఆయన, "ఆఁ ఆఁ, అన్నీ నువ్వు చెప్పినట్టేనమ్మా. కప్పొక్కటే రంగు కలవదని మార్చాడు" అన్నాడు. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ అబద్ధం! నళిని నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? అంతమందిలో నిచ్చెన తెమ్మనలేదు కదా. మాణిక్యాన్ని నా కిందే కూర్చోబెట్టి తను చేతులు కడుక్కోడానికి వెళ్లింది.

ఈలోగా ఫోటోల పిచ్చివాళ్లు నలుగురు నా చుట్టూ మూగారు. అందులో ఒకడు నన్ను బొంగరంలా ఒక తిప్పు తిప్పాడు. గోడల మీద చుక్కలన్నీ గిర్రున తిరిగాయి. "అబ్బ, సూపర్! ఇంకోసారి తిప్పు, వీడియో తీస్తాను" అందొకమ్మాయి. ఇంకోసారి తిప్పాడు. వైరు మెలిపడింది. మెలి విప్పుకుంటూ నేను వెనక్కి తిరిగాను. పైన కనెక్టరులో మొదట ఒక కొస జారింది, తరవాత రెండోది. లైటారిపోయింది. "కరెంటు పోయిందా?" అని ఎవరో అన్నారు. మూడోది కూడా వదిలేసింది.

పడ్డాను. మాణిక్యం భుజం మీద పడ్డాను. సాంబారు గిన్నె మీద పడ్డాను. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. బ్రహ్మలింగం సుత్తి దెబ్బలు కూడా అంత గట్టిగా తగల్లేదు.

కప్పు కూడా బోర్డు పెచ్చుతో సహా ఊడొచ్చింది. ఆ కంతలోంచి కనెక్టరు, పైన చుట్టగా మిగిలిన తీగతో సహా, కిందిదాకా జారి వేలాడుతోంది, దాని కొసల్లో కరెంటుంది. కింద మాణిక్యం భుజం పట్టుకుని కుర్చీలోంచి లేవబోతోంది. తల ఆ కొసలకి జానెడు దూరంలో ఉంది. అందరూ అరుస్తున్నారు, కదలడం లేదు. క్యాషు కౌంటరు దగ్గరున్న భీమశంకరం భార్య సత్యవేణి ఒక్కతే వెనక గోడ దగ్గరకి పరుగెత్తి మెయిను దించేసింది. హోటలంతా ఆరిపోయింది. అప్పుడు నళిని వచ్చి మాణిక్యాన్ని పొదివి పట్టుకుంది.

భుజం ఎముక విరిగింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు.

ఇంతవరకూ నాకు బాధే, కోపం కాదు. కోపం ఇక్కడ మొదలవుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లిన కారు గేటు దాటిందో లేదో, ఎవరో అన్నారు: "అది చచ్చిపోయినావిడ గిన్నె అటండీ. పాపం ఈవిడ ఆవిడ పెంపుడు కూతురేనట. చూశారా, తనవాళ్లనే పట్టుకుంది." వెంటనే ఇంకొకరు: "ముండమోసినావిడ వాడిన సామాను శుభమా అని తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా?"

వినండి! వందలమందికి అన్నం పెట్టిన చెయ్యి సూరాయమ్మది. ఆకలితో వచ్చినవాణ్ని పొమ్మనలేదు, మిగిలిన గంజి కూడా ఉప్పేసి రిక్షావాళ్లకి పోసేది. ఆవిడ అశుభమట! రెండు మరలు బిగించి నీటుగా ఉందని చేతులు దులుపుకున్నవాడు శుభమట!

కిరీటికి ఆ మాట ప్రాణం పోసింది. "నేనప్పుడే అనుకున్నానండి, పాత సామానులో ఏదో ఉంటుంది" అన్నాడు. భీమశంకరం చెమట తుడుచుకుంటూ "అంతే, అంతే" అన్నాడు. మర్నాడు శాంతి చేయించారు. నన్ను గోనెగుడ్డలో చుట్టి నళిని షెడ్డుకి పంపించేశారు. నా కంత మూసి, పూత పూసి, రంగేశారు. హోటలు యథాప్రకారం నడిచింది. నాతో వచ్చిన మిగతా నాలుగూ అక్కడే వేలాడుతున్నాయి. వాటిని చేయించుకున్నవాళ్లెవరో ఎవరికీ తెలియదు గనక అవి అచ్చొచ్చినవే అయ్యాయి.

నళినికి ఆర్డర్లు ఆగిపోయాయి. ఒకావిడైతే కొన్న లైటు కూడా వెనక్కి తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి కూడా రాకుండా వెళ్లిపోయింది. నళిని నా మూట విప్పలేదు. తన పట్టే జారిందేమో, తన వైరే తెగిందేమోనని ఆ పిల్ల భయం. చూస్తే నిజమని తేలుతుందేమోనని చూడటం మానేసింది. నాకు ఆ పిల్ల మీద కూడా కోపమొచ్చింది. విప్పి చూడవే పిచ్చిదానా, జవాబు నా మెడలోనే ఉంది!

ఆఖరికి మాణిక్యమే వచ్చింది. చెయ్యి మెడకి వేలాడగట్టుకుని, ఆటో దిగి, షెడ్డు తలుపు కాలితో తోసుకుని లోపలికొచ్చింది.

"ఫోనెత్తవేమే?"

నళిని లేచి నిలబడి ఏడ్చేసింది. "నా వల్ల మీకిలా..."

"ఏడుపు తరవాత. అది విప్పు. భుజం విరిగింది నాది. ఎందుకు విరిగిందో నాకు తెలియాలి. మా పెద్దమ్మ దెయ్యమై తోసిందంటున్నారు వీధిలో. బతికుండగా నా మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదావిడ. చచ్చాక ఎత్తుతుందా? విప్పు."

విప్పింది. మొదట నా దగ్గరి పట్టు చూసింది. వైరుని ఎలా కౌగిలించుకుందో అలాగే ఉంది, ఆవగింజంత జారలేదు. తొడుగు చిరగలేదు. వైరు తెగలేదు. చెయ్యి రెండో కొసకి పాకింది. అక్కడ పట్టు లేదు. మూడు రాగి కొసలు పీచులుగా సాగి, మర కరిచిన గాట్లతో బయటికొచ్చి ఉన్నాయి. వాటి పక్కనే తెల్ల కప్పు, దాని మరలకి అంటుకుని జిప్సం పెచ్చు.

"పిన్నిగారూ, ఇక్కడ నా పట్టు లేదండి. తీసేశారు. హుక్కే లేదు. బోర్డుకి బిగించారు. నాతో అబద్ధం చెప్పారు."

మాణిక్యం ఆ పెచ్చుని రెండు వేళ్లతో నలిపింది. పొడైపోయింది. తరవాత నెమ్మదిగా అడిగింది: "మరి మిగతా నాలుగూ ఎలా వేలాడుతున్నాయే?"

నళిని అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

నన్ను ఆటోలో పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. మధ్యాహ్నం భోజనాల వేళ. హోటలు కిటకిటలాడుతోంది. మాణిక్యం తిన్నగా కౌంటరు దగ్గరికి నడిచి, ఎడం చేత్తో నన్ను ఆ గాజు బల్ల మీద ఠంగున పెట్టింది. ఆ గొంతు టెలిఫోన్ ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్లు ట్రంకు కాల్సు అరిచిన గొంతు.

"భీమశంకరం గారూ! మా పెద్దమ్మ వచ్చింది, మాట్లాడండి!"

తింటున్నవాళ్లు చేతులాపారు. భీమశంకరం పరుగున వచ్చాడు. "మేడమ్, మేడమ్, లోపల కూర్చుని మాట్లాడుకుందాం. మీ వైద్యం ఖర్చంతా..."

"వైద్యం సంగతి కాదు. దీనికి హుక్కేదీ? ఈ అమ్మాయి శ్లాబుకి కొట్టమని చెప్పిందా లేదా? కొట్టించామని నా ఎదురుగా అన్నారా లేదా?"

"అదేంటంటే, మా కిరీటి..."

"కిరీటి సంగతీ తరవాత. ఆ నాలుగింటికి ఉందా హుక్కు?"

ఆయన చూపు హాల్లోకి పోయింది. నాలుగు లైట్ల కిందా నాలుగు బల్లలు, బల్లల చుట్టూ మనుషులు. ఒక చోట చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని తల్లి పప్పన్నం కలిపి పెడుతోంది. సత్యవేణి కౌంటరు వెనకనుంచి లేచింది. ఇన్నాళ్లూ "శాంతి చేయించాం కదా" అన్న మొగుడి మాట నమ్మి కూర్చున్న మనిషి.

"ఉందా లేదా చెప్పండి" అంది మొగుడితో.

"వేణీ, జనం ముందు..."

"జనం ముందే కదా ఆ రోజు పడింది."

జవాబు కోసం ఆగలేదు. హాలు మధ్యకి వెళ్లి రెండు చేతులూ జోడించింది. "అందరూ ఏమీ అనుకోకండి. విస్తళ్లు తీసుకుని ఆ గోడవారకి జరగండి. లైట్ల కింద ఎవరూ కూర్చోకండి. దయచేసి లేవండి." లేచారు. చంటిపిల్ల తల్లిని తనే భుజం పట్టుకుని లేవదీసింది. మెయిను కట్టేయించి, నళిని చేతికి నిచ్చెన ఇప్పించింది. నళిని ఎక్కి ఆ బిందె లైటు కప్పుని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కాస్త కిందికి లాగింది. ఎక్కువేం లాగలేదు. పెచ్చుతో సహా చేతిలోకి ఊడొచ్చింది. పొడి రాలి తెల్ల గుడ్డ మీద పడింది.

ఉసురు, అరిష్టం అన్న నోళ్లలో ఒకరిద్దరు అక్కడే ఉన్నారు. వాళ్లని గుర్తుపట్టాను. వాళ్లు తలెత్తలేదు.

నాలుగూ దించారు. హోటలు మూసి, అంత నున్నటి సీలింగునీ అయిదు చోట్లా కోయించింది సత్యవేణి. శ్లాబులోకి బోల్టు దిగే హుక్కులు కొట్టించింది, పట్లు బిగించింది నళినే. కిరీటి మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. భీమశంకరం మాణిక్యం ఇంటికి పళ్లు పట్టుకొచ్చి, తల దించుకుని, తప్పైపోయిందన్నాడు. ఆవిడ పళ్లు తీసుకుంది. "నాకు చెప్పడం అయింది, ఇక ఆ పిల్లకి చెప్పండి. పడగొట్టింది మీరు, మాట పడింది అది" అంది. చెప్పాడట. నళిని షెడ్డు ముందు నిలబడి వీధి వినేలా చెప్పాడో, గొణిగాడో నాకు తెలియదు. వినడానికి నేనక్కడ లేను.

ఆ అయిదో హుక్కుకి నన్ను మళ్లీ ఇవ్వమని అడిగారు. మాణిక్యం ఇవ్వనంది. ఇప్పుడు నేను ఆవిడ పోర్షనులో, అన్నం తినే చిన్న బల్ల మీద వేలాడుతున్నాను. నళిని బిగించిన వైరుకే, శ్లాబులో దిగిన హుక్కుకే. నా కోపం మాత్రం తగ్గలేదు. ఇంటికొచ్చినవాళ్లలో ఇప్పటికీ కొందరు నన్ను గుర్తుపట్టి, మాటల్లో పెట్టి, కుర్చీని మెల్లగా పక్కకి జరుపుకుంటారు. "ఇదేనా అది?" అంటారు. అవును, అదే నేను. ఏం, మీ ఇంట్లో ఫ్యాను దేనికి వేలాడుతోందో ఏనాడైనా చూసుకున్నారా?

మొన్న సత్యవేణి వచ్చింది, మాణిక్యం భుజం ఎలా ఉందో చూడ్డానికి. భోజనం వేళైంది, ఉండిపొమ్మంది మాణిక్యం. సత్యవేణి బల్ల దాకా వచ్చి ఆగింది. తలెత్తి పైకి చూస్తూ నిలబడింది.

"ఏమ్మా, భయమేస్తోందా?"

"భయం కాదండీ. హుక్కు చూస్తున్నాను."

కుర్చీ ఎక్కి, పైపట్టు దగ్గర వైరుని వేలితో తాకి, తొడుగు బిగువు చూసుకుంది. తరవాత దిగి, ఆ కుర్చీ లాక్కుని సరిగ్గా నా కిందే కూర్చుంది. మాణిక్యం బాగైన చేత్తో ఆవిడకి అన్నం వడ్డించింది.